సిక్కోలు సముద్రపు అడుగు: పాత పేర్లు, కొత్త పరీక్షలు

శ్రీకాకుళం జిల్లా తీరం పొడవు 193 కిలోమీటర్లు. ఇచ్ఛాపురం మండలం డొంకూరు నుంచి రణస్థలం మండలం దాకా సాగే ఈ తీరానికి దక్షిణంగా విజయనగరం జిల్లా పూసపాటిరేగ, భోగాపురం మండలాల తీరం మరో 28 కిలోమీటర్లు ఉంటుంది. ఇక్కడి సముద్రం గురించి వార్త వస్తే అది తుపాను గురించో, గుజరాత్ వలస వెళ్లిన మత్స్యకారుల గురించో, ఆలివ్ రిడ్లే తాబేళ్ల గురించో, మూలపేట పోర్టు గురించో అయి ఉంటుంది. నీటి కింద పది, ఇరవై, ముప్పై మీటర్ల లోతున ఉన్న నేల గురించి, ఆ నేల లోపల బతికే జీవుల గురించి ఎవరూ మాట్లాడరు. పర్యావరణ ప్రభావ నివేదికల్లో మాత్రం వాటికి ఒకట్రెండు పేజీల పట్టిక దక్కుతుంది: పాలికీట్లు (ఒంటిమీద సన్నటి వెంట్రుకలుండే సముద్రపు పురుగులు) ఫలానా జాతులు, ఆల్చిప్పలు ఫలానా జాతులు, చదరపు మీటరుకు ఇన్ని అని.

ఆ పట్టికలో అంకెలు సరిగానే ఉండొచ్చు. అనుమానమంతా పేర్ల మీదే. గత యాభై ఏళ్లలో, ముఖ్యంగా డీఎన్ఏ చదవడం చౌకయ్యాక, ప్రపంచమంతటా సముద్రపు అడుగు జీవుల జాబితాలు తిరగరాస్తున్నారు. ఒకే జాతి అనుకున్నది ఐదో ఆరో జాతులని తేలుతోంది. వాటి బతుకు తీరు కూడా వేర్వేరని తేలుతోంది. పోర్టు తవ్వకాలు, పరిశ్రమల గొట్టాలు, అడుగును గీసుకుంటూ పోయే ట్రాల్ వలలు ఉత్తరాంధ్ర సముద్రపు అడుగును మార్చేస్తున్న ఈ కాలంలో ఈ సంగతి పట్టించుకోకపోతే, ఏ జీవులు పోయాయో తర్వాత చెప్పగలిగేవాళ్లు ఉండరు.

ఇసుక, బురద, వాటిలోని బతుకు

వంశధార కళింగపట్నం దగ్గర, నాగావళి కళ్లేపల్లి దగ్గర, మహేంద్రతనయ బారువ దగ్గర, చంపావతి కోనాడ దగ్గర సముద్రంలో కలుస్తాయి. అందుకే ఇక్కడి అడుగు చాలా వరకు ఇసుక, ఒండ్రు, బురద. మొగల దగ్గర వానాకాలంలో ఒక రకంగా, వేసవిలో మరో రకంగా ఉంటుంది. రాతి నేల తక్కువ. చింతపల్లి ఎదురుగా నీటిలో ఉన్న రాళ్లు అలాంటివి. ఓడలకు వాటివల్ల ప్రమాదమనే అక్కడ 19వ శతాబ్దంలోనే లైట్‌హౌస్ కట్టారు.

పైనుంచి చూస్తే ఇసుక, బురద ఏమీ లేని నేలలా కనిపిస్తాయి. గుప్పెడు బురదను అర మిల్లీమీటరు కన్నాల జల్లెడ మీద కడిగితే అసలు సంగతి తెలుస్తుంది. జల్లెడ మీద సన్నటి పురుగులు, బియ్యపు గింజంత ఆల్చిప్పలు, చిట్టి పీతలు, రొయ్యను పోలిన ఆంఫిపాడ్లు మిగులుతాయి. వీటిని మాక్రోఫానా అంటారు. జల్లెడ కన్నాల్లోంచి జారిపోయిన వాటిలో ఇంకా చిన్న జంతువులుంటాయి. ఎక్కువగా నెమటోడ్లనే సన్నటి నులిపురుగులు, కోపిపాడ్లనే రొయ్యల దూరపు చుట్టాలు. వాటిని పట్టడానికి 63 మైక్రాన్ల జల్లెడ కావాలి. వీటిలో దేనికీ వెన్నెముక లేదు.

వీటి పని చిన్నది కాదు. పురుగు బొరియ చేసుకుని అందులోకి నీటిని ఆడిస్తుంటే, గాలి తగలని బురదలోకి ఆక్సిజన్ దిగుతుంది. అడుగున కుళ్లుతున్న సేంద్రియ పదార్థం తిరిగి పోషకంగా మారి నీటిలో కలవడానికి ఆ బొరియలే దారి. వలలో పడే రొయ్యలు, నాలుక చేపల వంటి అడుగు చేపలు తినేది చాలా వరకు ఈ పురుగుల్నీ చిన్న ఆల్చిప్పల్నే. తీరంలో రొయ్య ఎందుకు తగ్గిందని అడిగితే వల సైజు, బోట్ల సంఖ్య, తుపాను అని రకరకాల సమాధానాలొస్తాయి. రొయ్య తినే తిండి ఏమైందన్న ప్రశ్న కూడా వాటి పక్కన ఉండాల్సిందే.

అడుగు జీవుల్ని లెక్కించే పద్ధతి వందేళ్లుగా పెద్దగా మారలేదు. డెన్మార్క్‌లో 1910ల్లో పీటర్సన్ అనే శాస్త్రవేత్త మొదలుపెట్టిన దారిలోనే ఇప్పటికీ పని జరుగుతోంది. గ్రాబ్ అనే రెండు రెక్కల ఇనుప పరికరాన్ని బోటు నుంచి తాడుతో దించుతారు. అడుగును తాకగానే అది మూసుకుని, సాధారణంగా చదరపు మీటరులో పదో వంతు నేల మీది మట్టిని పట్టుకొస్తుంది. దాన్ని జల్లెడలో కడిగి, మిగిలిన జీవుల్ని ఫార్మలిన్‌లో వేసి, తేలిగ్గా కనిపించేందుకు రోజ్ బెంగాల్ అనే గులాబీ రంగు కలుపుతారు. తర్వాత ల్యాబ్‌లో మైక్రోస్కోపు కింద ఒక్కొక్కదాన్ని ఏరి పేరు పెడతారు. ఒక్క గ్రాబ్ మట్టిని పూర్తిగా ఏరడానికి మనిషికి రోజులు పట్టొచ్చు.

ఈ పనిలో ఉత్తరాంధ్రకు మంచి వారసత్వమే ఉంది. ఆంధ్రా యూనివర్సిటీలో ప్రొఫెసర్ పి.ఎన్. గణపతి, ఆయన సహచరులు 1960ల్లోనే వాల్తేరు తీరంలో ఇసుక రేణువుల సందుల్లో బతికే జంతువుల మీద పరిశోధన చేశారు. అప్పటికి దేశంలో ఆ పని చేసినవాళ్లు చాలా తక్కువ. ఆ తర్వాత ఎ.వి. రామన్‌తో కలిసి విశాఖ హార్బర్ అడుగు బురదలో కాలుష్యానికీ పాలికీట్ పురుగులకూ ఉన్న సంబంధాన్ని చదివారు. 1983లో వచ్చిన ఆ పరిశోధన ఇప్పటికీ ప్రస్తావనకు వస్తూనే ఉంటుంది. అందులో ముఖ్య పాత్ర కాపిటెల్లా కాపిటాటా అనే పురుగుది.

గ్రీన్‌లాండ్ పేరు పెట్టుకున్న పురుగు

కాపిటెల్లా సన్నగా, ఎర్రగా, దారంలా ఉంటుంది. మురుగు చేరి, ఆక్సిజన్ తగ్గి, మిగతా జీవులన్నీ వెళ్లిపోయిన చోట ఇది వేలల్లో పెరుగుతుంది. అందుకే కాలుష్యానికి గుర్తుగా దీన్ని ప్రపంచమంతా వాడుతున్నారు. 1978లో పియర్సన్, రోజెన్‌బర్గ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మురుగు పెరిగేకొద్దీ అడుగు జీవుల వరస ఎలా మారుతుందో చూపినప్పుడు, మురుగు ఎక్కువగా ఉన్న కొసన ఉన్నది ఈ పురుగే. 2000లో స్పెయిన్‌లో రూపొందిన ఆంబి అనే సూచిక జీవుల్ని ఐదు గుంపులుగా విడదీస్తుంది. అక్కడా కాపిటెల్లా ఐదో గుంపులో, అంటే కాలుష్యాన్ని అందరికన్నా ఎక్కువగా ఓర్చుకునే గుంపులో ఉంటుంది.

ఈ పురుగును మొదట వర్ణించింది 1780లో, గ్రీన్‌లాండ్ నుంచి. మంచు సముద్రపు పురుగుకు పెట్టిన పేరే తర్వాత రెండు వందల ఏళ్లలో మధ్యధరా సముద్రంలో, కాలిఫోర్నియాలో, జపాన్‌లో, బంగాళాఖాతంలో దొరికిన పురుగులకూ పెట్టేశారు. చూడటానికి అన్నీ ఒకేలా ఉన్నాయి మరి.

1969 సెప్టెంబరులో అమెరికాలోని మసాచుసెట్స్ తీరంలో వెస్ట్ ఫాల్మత్ దగ్గర ఫ్లోరిడా అనే బార్జి నుంచి చమురు కారిపోయింది. అక్కడి అడుగు జీవులు చాలా వరకు చనిపోయాయి. ఖాళీ అయిన నేలను మొదట ఆక్రమించింది కాపిటెల్లా. దాన్ని గమనిస్తూ వచ్చిన జుడిత్ గ్రాస్లే, ఫ్రెడరిక్ గ్రాస్లే దంపతులు ఆ పురుగుల ఎంజైముల్ని విద్యుత్ పద్ధతిలో వేరుచేసి చూశారు. అది డీఎన్ఏను నేరుగా చదవడం రాని కాలం. ఎంజైములో తేడా ఉంటే జన్యువులో తేడా ఉన్నట్టే. 1976లో వాళ్లు ప్రచురించిన ఫలితం ఇది: కాపిటెల్లా కాపిటాటా అనుకున్నది కనీసం ఆరు వేర్వేరు జాతులు. వాటి మధ్య సంకరం జరిగిన ఆనవాలు లేదు. వాటి గుడ్ల సైజు వేరు, గుడ్లు పెట్టే కాలం వేరు. కొన్నింటి పిల్లలు తల్లి గొట్టంలోనే దాదాపు ఎదిగి బయటికొస్తాయి, కొన్నింటి లార్వాలు నీటిలో తేలుతూ దూరం పోతాయి. ఒకే ఇంటిపేరున్న వాళ్లందర్నీ ఒకే మనిషిగా జనాభా లెక్కల్లో రాసుకున్నట్టు అన్నేళ్లూ లెక్క సాగింది.

2009లో బ్లేక్ అనే నిపుణుడు గ్రీన్‌లాండ్ పురుగును మళ్లీ వర్ణించి, అసలు కాపిటెల్లా కాపిటాటా ఉత్తర ధ్రువానికి దగ్గరి చల్లటి సముద్రాలదేనని తేల్చాడు. గ్రాస్లే దంపతులు మొదటి నంబరు ఇచ్చిన జాతికి అదే ఏడాది కాపిటెల్లా టెలెటా అని కొత్త పేరొచ్చింది. 2013లో దాని పూర్తి జీనోమ్ కూడా ప్రచురితమైంది.

దీన్నిబట్టి చూస్తే బంగాళాఖాతపు వెచ్చటి నీటిలో, వానాకాలంలో ఉప్పదనం పడిపోయే మొగల దగ్గర, ఆ పేరుతో రాసుకున్న పురుగు గ్రీన్‌లాండ్ పురుగు అయ్యే అవకాశం లేదు. ఇందులో విశాఖ పరిశోధకుల తప్పేమీ లేదు. వాళ్లు చూపిన కాలుష్య సంబంధం నిజమైనదే, పురుగుల సంఖ్యలు నిజమైనవే. వాళ్ల చేతిలో ఉన్న గుర్తింపు గ్రంథాలు ఆ పేరే ఇచ్చాయి. భారత తీరాల పాలికీట్లను గుర్తించడానికి 1953 నాటి గ్రంథాన్ని ఇప్పటికీ వాడే ల్యాబ్‌లు ఉన్నాయి. అందులో యూరప్ సముద్రాల పేర్లు మన జీవులకు ధారాళంగా దొరుకుతాయి.

పేరు తప్పయితే ఏమవుతుంది? సూచిక తప్పుతుంది. ఒక పోర్టు నివేదికలో ఈ పురుగు చదరపు మీటరుకు ఇన్ని వందలు ఉన్నాయని రాస్తే, యూరప్ అనుభవంతో కట్టిన సూచిక దాన్ని భారీ కాలుష్యం కింద లెక్కిస్తుంది. అది ఇక్కడి మొగల్లో వరద ఒండ్రుతో సహజంగా పెరిగే మరో జాతి అయితే ఆ తీర్పు అన్యాయం. ఉల్టాగా కూడా జరగొచ్చు. ఈ తీరంలోనే పుట్టి, ఇంకెక్కడా లేని జాతి ఏదో ప్రపంచమంతా దొరికే మామూలు పేరు కింద దాక్కుని ఉంటే, అది పోయినా పట్టికలో ఏ మార్పూ కనిపించదు. రెండో ప్రమాదమే పెద్దది, ఎందుకంటే దాన్ని సరిదిద్దే అవకాశం తర్వాత ఉండదు.

డీఎన్ఏ ఏం చెబుతుంది, ఏం చెప్పదు

2003లో కెనడాలోని గ్వెల్ఫ్ యూనివర్సిటీకి చెందిన పాల్ హెబర్ట్, జంతువుల్ని గుర్తించడానికి ఒకే ఒక్క జన్యు ముక్క చాలని ప్రతిపాదించాడు. కణంలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలో ఉండే సీవోఐ అనే జన్యువులో దాదాపు 658 అక్షరాల ముక్క అది. దుకాణంలో వస్తువు మీద బార్‌కోడ్ ఉన్నట్టే అన్న ఉద్దేశంతో దీనికి డీఎన్ఏ బార్‌కోడ్ అని పేరొచ్చింది. ఒకే జాతి జీవుల మధ్య ఈ ముక్కలో తేడా తక్కువ, వేర్వేరు జాతుల మధ్య ఎక్కువ. పురుగు తోక నుంచి గోరంత ముక్క చాలు పరీక్షకు.

చాలా గుంపుల్లో ఇది బాగా పనిచేస్తుంది. పీతలు, ఆల్చిప్పలు, నత్తల విషయంలో అయోమయాన్ని ఎంతో తగ్గించింది. అయితే పగడాల్లో, స్పంజికల్లో మైటోకాండ్రియా డీఎన్ఏ మరీ నెమ్మదిగా మారుతుంది కాబట్టి దగ్గరి జాతుల మధ్య కూడా తేడా కనిపించదు. పాలికీట్లలో చాలాసార్లు ఆ జన్యు ముక్కను పట్టుకోవడానికి వాడే మామూలు ప్రైమర్లు అతుక్కోవు, ఫలితమే రాదు. నెమటోడ్లకు 18ఎస్ అనే వేరే జన్యువును వాడతారు, అది దగ్గరి జాతుల్ని విడదీయలేదు. మస్సెల్ జాతి ఆల్చిప్పల్లో మరో చిక్కు. మైటోకాండ్రియా మామూలుగా తల్లి నుంచే వస్తుంది, మిటిలస్ వంటి వాటిలో మాత్రం తల్లిదానితో పాటు తండ్రిది కూడా మగ సంతానానికి చేరుతుంది. మగ జీవి ఏ భాగం నుంచి కణజాలం తీశారో చూసుకోకపోతే ఒకే జాతి రెండు జాతుల్లా కనిపిస్తుంది.

మరో పద్ధతిలో జీవుల్ని ఏరడమే ఉండదు. బురద మొత్తంలోంచి డీఎన్ఏ తీసి, అందులో ఎవరెవరి అక్షరాలున్నాయో ఒకేసారి చదువుతారు. దీన్ని మెటాబార్‌కోడింగ్ అంటారు. పని వేగంగా అవుతుంది, చేత్తో ఏరడానికి వీల్లేని అతి చిన్న జంతువులు కూడా బయటపడతాయి. సిక్కోలు లాంటి నదీ మొగల తీరంలో మాత్రం దీన్ని జాగ్రత్తగా వాడాలి. చనిపోయిన జీవుల డీఎన్ఏ అడుగు బురదలో చాలా కాలం నిలిచి ఉంటుంది. వరద వచ్చినప్పుడు వంశధార తనతో పాటు ఎగువ చెరువుల, కాలువల, పొలాల జీవుల డీఎన్ఏను తెచ్చి మొగలో పోస్తుంది. అప్పుడు కళింగపట్నం బురదలో ఒక జీవి డీఎన్ఏ దొరికిందంటే అది అక్కడ బతుకుతోందని అర్థం కాదు. పైగా ఎన్ని జీవులున్నాయో ఈ పద్ధతి నికరంగా చెప్పలేదు. దొరికిన అక్షరాలను పోల్చడానికి సరైన పేరుతో ముందే నమోదైన నమూనా కూడా ఉండాలి, లేకపోతే "పేరు తెలియని పాలికీట్" అన్న వరసలే మిగులుతాయి. ఆ నమూనా తయారు కావాలంటే మళ్లీ మైక్రోస్కోపు ముందు కూర్చుని పురుగు వెంట్రుకలు, దవడలు చూసి గుర్తుపట్టగల మనిషి కావాలి. అలాంటి నిపుణులు తగ్గిపోతుండటమే ఈ రంగంలో అసలైన టెన్షన్. యంత్రం కొనడం కన్నా ఒక పాలికీట్ నిపుణుణ్ని తయారుచేయడానికే ఎక్కువ కాలం పడుతుంది.

ఫార్మలిన్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. దశాబ్దాలుగా మన తీరాల్లో సేకరించిన అడుగు జీవులు చాలా వరకు ఫార్మలిన్ సీసాల్లో ఉన్నాయి. ఆకారం చెడకుండా ఉంచడానికి అది మంచిదే కానీ, డీఎన్ఏను ప్రొటీన్లకు అతికించేసి ముక్కలు చేస్తుంది. పాత సీసాల్లోంచి జన్యు సమాచారం రాబట్టడం కష్టం, ఖర్చు, చాలాసార్లు నిష్ఫలం. 95 శాతం ఇథనాల్‌లో పెడితే డీఎన్ఏ బాగుంటుంది, మెత్తటి పురుగులు మాత్రం ముడుచుకుపోతాయి. అందుకే ఇప్పుడు మంచి ల్యాబ్‌లు ఒకే పురుగు తోక కొసను ఇథనాల్‌లో, మిగతా ఒంటిని ఫార్మలిన్‌లో పెట్టి రెండింటికీ ఒకే నంబరు వేస్తున్నాయి. పేరు మీద ఎప్పుడు అనుమానం వచ్చినా ఆకారాన్నీ జన్యువునూ పక్కపక్కన పెట్టి చూడొచ్చు. పోర్టులకూ పరిశ్రమలకూ నివేదికలు రాసే సంస్థలు ఈ ఒక్క అలవాటు చేసుకున్నా ఎంతో మేలు. ల్యాబ్‌లో వాడే ఆల్కహాల్‌కు ఎక్సైజ్ అనుమతులు కావాలన్న సాకు దీనికి అడ్డు కాకూడదు.

ఏటా రెండుసార్లు తిరిగే ప్రవాహం

అడుగున కదలకుండా బతికే ఆల్చిప్ప పిల్లలు మాత్రం నీటిలో తేలుతూ ప్రయాణం చేస్తాయి. ఆకుపచ్చ అంచు ఉండే పెర్నా విరిడిస్ అనే మస్సెల్ లార్వా రెండు మూడు వారాలు నీటిలో గడిపి, ఆ తర్వాత గట్టి ఆధారం చూసుకుని అంటుకుంటుంది. ఆ రెండు మూడు వారాల్లో అది ఎటు పోతుంది?

మన తీరం వెంబడి సాగే తూర్పు తీర ప్రవాహం ఏటా దిక్కు మార్చుకుంటుంది. సుమారుగా ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి పోతుంది. సెకనుకు 30 సెంటీమీటర్ల వేగం అనుకున్నా రోజుకు దాదాపు 26 కిలోమీటర్లు, పదిహేను రోజులకు దాదాపు 390 కిలోమీటర్లు. అంటే శ్రీకాకుళం జిల్లా తీరానికి రెట్టింపు. మార్చిలో చింతపల్లి రాళ్ల దగ్గర పుట్టిన లార్వా ఒడిశా వైపు పోతే, నవంబరులో పుట్టింది విశాఖ దాటి కాకినాడ వైపు పోవాలి. గుడ్లు పెట్టే నెలను బట్టి పిల్లల చిరునామా మారుతుందన్నమాట. లెక్క ఇంత సూటిగా ఉండదు. ఒడ్డుకు దగ్గరి నీరు నెమ్మదిగా, సుళ్లు తిరుగుతూ కదులుతుంది. కొన్ని లార్వాలు పగలు కిందికి దిగి రాత్రి పైకి వస్తూ ప్రవాహాన్ని తప్పించుకుంటాయి. నిజంగా ఎంత దూరం వెళ్తున్నాయో తెలుసుకోవడానికి జన్యు పోలికే మెరుగైన దారి. గోపాలపూర్, బారువ, కళింగపట్నం, చింతపల్లి, భీమిలి జీవుల డీఎన్ఏను పక్కపక్కన పెట్టి, తేడాలు దూరంతో పాటు పెరుగుతున్నాయా, లేక ఏదో ఒక మొగ దగ్గర ఒక్కసారిగా మారుతున్నాయా అని చూస్తారు.

ఈ పోలికను చదవడంలో ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. రెండు చోట్ల జన్యువులు ఒకేలా ఉన్నాయి కాబట్టి రెండూ ఒకే సముదాయమని, ఒక చోట ఎంత తీసినా పక్క చోటు నుంచి పూడుకుంటుందని అనేస్తారు. జనాభా జన్యుశాస్త్రంలో సివాల్ రైట్ అనే శాస్త్రవేత్త కాలం నుంచి ఉన్న లెక్క వేరే మాట చెబుతుంది. తరానికి ఒకటి రెండు జీవులు అటూ ఇటూ వలస వచ్చినా చాలు, రెండు చోట్ల జన్యువులు పెద్దగా విడిపోవు. ఖాళీ అయిన ఆల్చిప్పల మేటను మళ్లీ నింపడానికి మాత్రం లక్షల లార్వాలు కావాలి. ఏ మొగలో గుల్లలు ఎంత తీయొచ్చు, ఏ మేటను కొన్నేళ్లు వదిలేయాలి అని నిర్ణయించేటప్పుడు జన్యు ఫలితాన్ని ఒంటరిగా నమ్మితే నష్టపోయేది ఆ గుల్లల మీద బతికే కుటుంబాలే. ఏటేటా ఎన్ని పిల్లలు వచ్చి అంటుకుంటున్నాయో చదరపు మీటరు చట్రం పెట్టి లెక్కపెట్టే పాతకాలపు పని తప్పదు.

ఇంకో మెలిక కూడా ఉంది. కోట్ల గుడ్లు పెట్టే జీవుల్లో ఒక్కో ఏడాది కొద్ది తల్లుల పిల్లలే బతికి బట్టకడతాయి. డెన్నిస్ హెడ్జ్‌కాక్ అనే శాస్త్రవేత్త 1994లో దీన్ని లాటరీతో పోల్చాడు. అందువల్ల ఒకే చోట ఈ ఏడాది పిల్లలకూ పోయిన ఏడాది పిల్లలకూ జన్యు తేడా కనిపించొచ్చు. ఒక్క సీజన్ శాంపిల్‌తో తీర్పు చెప్పడం తొందరపాటు.

ఈ తీరంలో లార్వాలకు ఉప్పదనం మరో గోడ. గంగ, బ్రహ్మపుత్ర, మహానది వరద నీరు వానాకాలం తర్వాత తీరం వెంబడి దక్షిణానికి దిగుతుంది. తూర్పు తీరంలో మత్స్యకారులు సీసాల్లో పట్టి ఇచ్చిన సముద్రపు నీటిని పరీక్షించి, దాదాపు 100 కిలోమీటర్ల వెడల్పున తీరాన్ని ఆనుకుని పారే ఈ తక్కువ ఉప్పు నీటి ధారను శాస్త్రవేత్తలు 2014లో వివరించారు. సముద్రంలో నది అని దానికి పేరు పెట్టారు. ఉపగ్రహాలు ఒడ్డుకు దగ్గర ఉప్పదనాన్ని సరిగా చూడలేవు కాబట్టి ఆ సీసాలే ఆధారమయ్యాయి. రోజూ వేటకు వెళ్లే మనిషి చేతి సాయం లేకుండా ఆ పరిశోధన లేదు. అడుగు జీవుల విషయంలోనూ అదే పద్ధతి ఎందుకు వాడకూడదన్నది అడగాల్సిన ప్రశ్న. అడుగు వలలో రోజూ గుల్లలు, పీతలు, నక్షత్ర చేపలు, సముద్ర దోసకాయలు వస్తాయి, అమ్ముడుపోనివి తిరిగి నీటిలోకి పోతాయి. ఎక్కడ, ఎంత లోతున వల వేశారో బోటులోని జీపీఎస్‌కు తెలుసు. చిన్న ఇథనాల్ సీసా, నంబరు చీటీ, కూలి డబ్బు ఇస్తే ఏ ఓడా వెళ్లనంత తరచుగా నమూనాలు ఒడ్డుకు వస్తాయి.

తవ్వకం, గట్లు, నిషేధం

సంతబొమ్మాళి మండలం మూలపేటలో పోర్టుకు 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. పోర్టంటే ఓడల దారి కోసం అడుగును తవ్వడం, తవ్విన మట్టిని మరో చోట పోయడం, అలలకు అడ్డంగా రాతి గట్లు కట్టడం. తవ్విన చోట జీవులు పోతాయని అందరికీ తెలుసు. మట్టి పోసిన చోట ఏమవుతుందో తక్కువ మంది అడుగుతారు. అక్కడ బొరియల్లోని జీవులు మట్టి కింద పూడిపోతాయి, పైకి తవ్వుకుని రాగలిగినవే మిగులుతాయి.

రాతి గట్టు సంగతి వేరు. మైళ్ల పొడవునా ఇసుకే ఉన్న తీరంలో గట్టి ఆధారం కొత్తగా వస్తే, రాళ్లకు అంటుకునే జీవులకు అది మజిలీ. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో బారువ దగ్గర మునిగిన చిల్కా ఓడ శిథిలం ఇప్పటికే అలాంటి మజిలీ. మేలే కదా అనిపిస్తుంది. అయితే బరువు కోసం ఓడలు నింపుకునే బల్లాస్ట్ నీటితో వచ్చే పరాయి జాతులకూ అదే మజిలీ. అమెరికా ఖండపు ఉష్ణ తీరాలకు చెందిన మైటెల్లా స్ట్రిగాటా అనే మస్సెల్ కేరళ ఉప్పుటేర్లలో స్థిరపడిందని 2019లో వెల్లడైంది. చిన్న సైజులో మన మస్సెల్‌తో పొరబడే అవకాశముంది కాబట్టి డీఎన్ఏతో నిర్ధారించాల్సి వచ్చింది. ఈ తీరపు సొంత మస్సెల్ జన్యు నమూనా ముందే భద్రంగా ఉంటే, రేపు గట్టు మీద కొత్త చుట్టం కనిపించిన మొదటి నెలలోనే పట్టేయొచ్చు. రణస్థలం మండలం కొవ్వాడలో ప్రతిపాదించిన అణు విద్యుత్ కేంద్రం వస్తే అది సముద్రంలోకి వదిలే వెచ్చటి నీటికి కూడా ఇదే వర్తిస్తుంది. ఉష్ణోగ్రత ఒకట్రెండు డిగ్రీలు పెరిగితే ఏ జాతి తట్టుకుంటుంది, ఏది తట్టుకోదు అన్నది జాతి సరిగ్గా తెలిస్తేనే అర్థమవుతుంది.

తుపాను కూడా అడుగును తిరగేస్తుంది. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ ఒకే విడతలో అలల దెబ్బనూ, ఆ తర్వాత వంశధార, నాగావళి వరదనూ తెచ్చింది. మామూలుగా ఏ నెలలో ఏమేం ఉంటాయో ముందే నమోదై ఉంటే తప్ప, ఆ తర్వాత కనిపించిన మార్పులో తుపానుది ఎంత, వల వల్ల ఎంత, మురుగు వల్ల ఎంత అని విడదీయడం సాధ్యం కాదు.

ఆ విడదీతకు ఈ తీరంలో ఏటా దొరికే అవకాశం వేట నిషేధం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లు, ట్రాల్ వలలు ఆగుతాయి. ఏప్రిల్ రెండో వారంలో ఒకసారి, జూన్ రెండో వారంలో ఒకసారి, ఒకే చోట, ఒకే లోతున గ్రాబ్ వేస్తే అడుగు ఎంత కోలుకుందో కనిపిస్తుంది. చిన్న పాలికీట్లు కొన్ని వారాల్లోనే పెరుగుతాయి కాబట్టి వాటి సంఖ్య మారే వీలుంది. ఏళ్ల తరబడి బతికే ఆల్చిప్పలు రెండు నెలల్లో పెద్దగా మారవు, వాటికి ఆ గడువు చాలదని కూడా అప్పుడే తేలుతుంది. కొత్తగా వచ్చిన పిల్లలు పక్క మేట నుంచి వచ్చాయా, ఉత్తరానికి పోయే ప్రవాహంతో దక్షిణం నుంచి వచ్చాయా అన్నది జన్యు పోలిక చెబుతుంది. వలలు అసలు దున్నని లోతు తక్కువ మొగల దగ్గర, చింతపల్లి రాళ్ల పక్కన మరికొన్ని గ్రాబ్‌లు వేసి పోల్చాలి. లేకపోతే వేసవి మార్పునే నిషేధం ఫలితమని పొరబడతారు.

ఈ తీరానికి దక్షిణాన విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ, జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉన్నాయి. ఉత్తరాన గోపాలపూర్‌లో జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వారి కేంద్రం ఉంది. ఎచ్చెర్లలో జిల్లా సొంత యూనివర్సిటీ ఉంది. గ్రాబ్, జల్లెడ, ఇథనాల్, మైక్రోస్కోపు, వాటితో పని నేర్చుకున్న ఇద్దరు ముగ్గురు విద్యార్థులు, అద్దెకు ఒక ఫైబర్ బోటు ఉంటే మొదటి ఏడాది పని మొదలవుతుంది. డీఎన్ఏ చదివే పనిని బయటి ల్యాబ్‌కు పంపినా నష్టం లేదు. నమూనాలు మాత్రం ఇక్కడే, నంబర్లతో, ఎవరడిగినా చూపించేలా ఉండాలి. నివేదిక కోసం సేకరించిన జీవుల్ని ప్రాజెక్టు అనుమతి రాగానే పారేసే పద్ధతి ఆగాలి. అనుమతి షరతుల్లోనే నమూనాల్ని ప్రభుత్వ మ్యూజియంలో జమచేయాలని రాయడం పెద్ద కష్టమేమీ కాదు. మూలపేట ఓడల దారికి కనీసం ఇరవై కిలోమీటర్ల అవతల, తవ్వకం మట్టి చేరని చోట ఒక పోలిక స్థలాన్ని ఎంచుకుని, అక్కడి మొదటి గ్రాబ్ వచ్చే వేట నిషేధం మొదలయ్యేలోపు వేస్తే ఆ తర్వాతి లెక్కలన్నింటికీ ఒక ఆధారం ఉంటుంది.